ముందు సిలబస్ మూసేయండి: కెమిస్ట్రీ కోర్సును తూచేవారికి తలకిందుల సలహాలు

ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ కోర్సు ఎలా ఉందో చూసి రమ్మని మిమ్మల్ని పంపారనుకోండి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులుగా వెళ్లారో, అకడమిక్ ఆడిట్‌కు వెళ్లారో, పిల్లను చేర్పించబోయే తండ్రిగా వెళ్లారో, ఏదైనా సరే. కుర్చీ వేస్తారు. టీ ఇస్తారు. సిలబస్ పుస్తకం తెచ్చి ముందు పెడతారు. దాన్ని మూసి పక్కన పెట్టండి. ఇదే నా మొదటి సలహా. తర్వాతివి ఇంతకన్నా తలకిందులుగా ఉంటాయి.

నేను పేరాలలో ఉంటూ చుట్టుపక్కల కాలేజీల్లో చాలా ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా తిరిగాను. సిలబస్ కమిటీల్లో కూర్చుని తలూపాను. ఈ మాటలు విన్న తోటి లెక్చరర్లు "ఇలా చూడటం మొదలుపెడితే ఒక్క కాలేజీ కూడా నిలబడదు మాస్టారూ" అన్నారు. నిలబడేవి చాలానే ఉన్నాయని నాకు తెలుసు. వాటిని మిగతావాటి నుంచి విడదీసి చూసే కన్ను మన తనిఖీలకు లేదనే నా బాధ.

సిలబస్ ఎందుకు మూయాలంటే, అది ఆ కాలేజీది కాదు. అటానమస్ కాలేజీలను వదిలేస్తే, మన వైపు కాలేజీలన్నిటికీ విశ్వవిద్యాలయం ఇచ్చిందే. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేదాకా గుంటూరు ప్రాంతపు కాలేజీలకు వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వచ్చేది, తర్వాత నంబూరు దగ్గర నుంచి వస్తోంది. 2015-16లో సెమిస్టర్లు, క్రెడిట్లతో ఒకటి వచ్చింది. 2020-21లో దాన్ని సవరించారు. 2023-24 నుంచి ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతిలో ఇంకొకటి నడుస్తోంది. ఎనిమిదేళ్లలో మూడు. మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పీ బ్లాకు మూలకాలు ఒక సెమిస్టరు నుంచి ఇంకో సెమిస్టరుకు జరిగాయి, స్టీరియోకెమిస్ట్రీ ముందుకో వెనక్కో వెళ్లింది. లాబ్‌లో బ్యూరెట్ పట్టుకున్న పిల్ల చేతిలో మాత్రం ఏ మార్పూ నాకు కనిపించలేదు. ఒకే సిలబస్‌తో ఒక ఊళ్లో మంచి కోర్సు, పది మైళ్ల అవతల ఉత్త కోర్సు నడవడం కళ్లారా చూశాను. కాబట్టి తేడా ఆ పుస్తకంలో లేదు. ఇంకెక్కడుందో వెతకాలి.

లాబ్‌కు వెళ్లండి. లాబ్‌లో బెంచీల దగ్గర ఆగకుండా నేరుగా నీళ్ల తొట్టి దగ్గరకు వెళ్లండి. దాని గచ్చు మీద ఊదా, గోధుమ మరకలు ఉండాలి. కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. బల్లల మీద ఆసిడ్ తిన్న గుంటలు కనపడాలి. తెల్లగా తుడిచి, ముగ్గు పెట్టి, తలుపు మీద మామిడాకులు కట్టి మీకు స్వాగతం పలికే లాబ్‌ను చూసి సంతోషపడకండి, దిగులుపడండి. వంట చేసే ఇంటి పొయ్యికి మసి అంటుతుంది.

తర్వాత పగిలిన సామాను రిజిస్టరు అడగండి. చాలా కాలేజీల్లో ఆ పేజీలు ఖాళీగా ఉంటాయి. "మా పిల్లలు చాలా జాగ్రత్తపరులండీ" అంటారు. నలభై మంది పద్దెనిమిదేళ్ల పిల్లలు ఏడాదంతా గాజుతో పనిచేస్తే పిపెట్ మొనలు విరుగుతాయి, కోనికల్ ఫ్లాస్కులు జారతాయి, బ్యూరెట్ బిరడాలు కింద పడి ముక్కలవుతాయి. ఏమీ పగల్లేదంటే ఎవరూ ముట్టుకోలేదని అర్థం. కొన్నిచోట్ల పగిలినదానికి పిల్లల దగ్గర డబ్బు వసూలు చేస్తారు. ఆ భయానికి పిల్లలు గాజును ముట్టరు, ధైర్యమున్న ఒక్కడు చేస్తుంటే తక్కిన ఐదుగురు చూస్తారు. నన్నడిగితే, పగలడానికని కొంత సొమ్ము ప్రతి ఏడూ బడ్జెట్‌లో రాయని కాలేజీకి ప్రమాణాల్లో సగం మార్కులు అక్కడే కోసేయాలి.

ఇక పర్మాంగనేట్ సీసా. దీనికి ఒక లెక్క చెబుతాను, రాసుకోండి. ఒక విద్యార్థి టైట్రేషన్ సరిగా చేస్తే మూడు సార్లైనా చేయాలి, సారికి ఇరవై మి.లీ. దాకా పడుతుంది. బ్యూరెట్ కడుక్కోవడానికి, తప్పిపోయిన ప్రయత్నానికి కలుపుకుంటే ఒక్కొక్కరికి వంద మి.లీ. అనుకోండి. నలభై మందికి నాలుగు లీటర్లు. డెసినార్మల్ పర్మాంగనేట్‌కు లీటరుకు 3.16 గ్రాములు కావాలి. అంటే ఒక్క క్లాసుకు పన్నెండు, పదమూడు గ్రాములు. ఇప్పుడు టైంటేబుల్ ప్రకారం ఏడాదిలో ఎన్ని పర్మాంగనేట్ క్లాసులు జరిగాయో లెక్కవేసి స్టాకు రిజిస్టరుతో పోల్చండి. ఆగ్జాలిక్ ఆసిడ్‌కు ఇదే లెక్క, లీటరుకు 6.3 గ్రాములు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లకూ ఇదే లెక్క. హాజరు పట్టీలో సంతకాలు ఎవరైనా పెట్టొచ్చు. ఖర్చు కాని రసాయనాన్ని ఖర్చయినట్టు చూపాలంటే దాన్ని మోసుకెళ్లి పారబోయాలి, అంత శ్రమ ఎవరూ పడరు.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న సలహా: రీడింగులన్నీ ఒకటైతే సున్నా వేయండి.

చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాను. పేరు చెప్పను. ఇరవై ఇద్దరు విద్యార్థులు, ఇరవై రెండు బ్యూరెట్లు. జవాబు పత్రాలు నా ముందుకొచ్చాయి. ఇరవై మందికి సరిగ్గా ఒకటే రీడింగు, మూడు ప్రయత్నాల్లోనూ అదే, దశాంశం కూడా తప్పలేదు. యాభై మి.లీ. బ్యూరెట్ నాణ్యమైనదైతేనే 0.05 మి.లీ. అటూ ఇటూ తేడా ఉండొచ్చని ప్రమాణం. మన లాబుల్లో వాడే రెండో రకానికి 0.1 దాకా ఉండొచ్చు. దానికి తోడు పిపెట్ తేడా, కంటి తేడా, రంగు మారే క్షణాన్ని పట్టుకోవడంలో తేడా. ఇరవై మందికి ఒకే దశాంశం రావడం ప్రకృతిలో లేదు. ద్రావణం బలం ముందే తెలుసుకుని వెనక నుంచి లెక్క కట్టి రీడింగు రాసుకున్నారు. మిగతా ఇద్దరిలో ఒకమ్మాయికి 19.6, 19.9, 19.7 వచ్చాయి. అవే రాసింది. జవాబు కొంచెం పక్కకు పోయింది. ఆ ఇరవై మందికీ నిండా మార్కులు వేసి ఆ అమ్మాయికి తగ్గించాను. వేల్యుయేషన్ స్కీములో అలాగే ఉంది మరి: ఒక శాతం తేడాకు ఇన్ని, రెండు శాతానికి ఇన్ని. ఆ గదిలో నిజంగా కెమిస్ట్రీ చేసిన ఒక్క పిల్లకు నా చేత్తో మార్కులు కోసిన సంగతి ఈనాటికీ నాకు మింగుడుపడదు.

ఇది చిన్న విషయం అనేవారికి చెబుతున్నాను. మన వైపు బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారు? హైదరాబాదు జీడిమెట్ల, విశాఖ పరవాడ, అచ్యుతాపురం. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ లాబుల్లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుంటున్నారు. అక్కడ పాటించాల్సిన మొదటి నియమం, యంత్రం ఇచ్చిన ప్రతి సంఖ్యనూ, నచ్చినా నచ్చకపోయినా, అలాగే ఉంచాలి. రిజల్టు బాగా రాలేదని శాంపిల్ మళ్లీ పెట్టి మొదటిదాన్ని చెరిపేస్తే ఆ కంపెనీ మందులు అమెరికా తీరం చేరవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో దీని మీద ప్రత్యేకంగా మార్గదర్శక పత్రమే విడుదల చేసింది. తనిఖీకి వచ్చినవారు కంప్యూటర్ ఆడిట్ ట్రైల్ తెరిచి ఏ నిమిషంలో ఏ ఫైలు చెరిగిందో చూస్తారు, 483 అనే ఫారం మీద రాసి వెళ్తారు. ఉద్యోగం ఊడేది ఆ సీట్లో కూర్చున్న మన కుర్రాడికే. వాడికి ఆ అలవాటు ఎవరు నేర్పారు? మూడేళ్లు ప్రతి వారం "ముందు జవాబు చూసుకో, తర్వాత రీడింగు రాసుకో" అని నేర్పింది మనమే. రికార్డు అందంగా ఉంటే పది మార్కులు వేసింది మనమే. ఆ రికార్డు సీనియరు రికార్డు చూసి దించిందని తెలిసి సంతకం పెట్టింది కూడా మనమే.

కాబట్టి పరీక్షలో ద్రావణాలు కలిపేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో బలం ఇమ్మనండి. ఆ బలాలు ఇంటర్నల్ ఎగ్జామినర్‌కు కూడా తెలియకుండా సీల్డు కవరులో ఉండాలి. రఫ్ కాగితం, అంటే నీటి చుక్కలు పడి, కొట్టివేతలతో ఉన్న అబ్జర్వేషన్ పుస్తకం అడిగి మార్కులు దానికే వేయండి. ఫెయిర్ రికార్డుకు మార్కులు తీసేయండి. విడివిడి రీడింగులు ఎందుకు విడివిడిగా ఉన్నాయో రెండు వాక్యాల్లో చెప్పగలిగిన పిల్లకు, జవాబు ఐదు శాతం తప్పినా సరే, మొదటి శ్రేణి మార్కులు ఇవ్వండి. దీనివల్ల ప్రమాణాలు పడిపోతాయని అంటారు. కొలవని ప్రమాణం పడిపోవడానికి ముందు నిలబడి ఉండాలి కదా.

సాల్ట్ అనాలసిస్ దగ్గరకొస్తే నా సలహా ఇంకా మొరటుగా ఉంటుంది. మూడో వంతుకు కోసేయండి. పరీక్ష రోజు పొద్దున్న లాబ్ బయట ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏ సీసాలో ఏ లవణం ఉందో కబురు అటెండరు నోట వచ్చి చేరుతుంది. ఆ తర్వాత బ్రౌన్ రింగ్ రాకపోయినా వచ్చిందని రాస్తారు. బూడిద రంగు పొడి పట్టుకుని తెల్లని స్ఫటికాలు అని రాసినవాణ్ని చూశాను. గుణాత్మక విశ్లేషణ పనికిరానిదని నేననడం లేదు. దాన్ని కనిపెట్టిన కాలంలో అది గొప్ప తర్కశాస్త్రం. గ్రూపులుగా విడదీసే ఆ క్రమంలో విలేయతా లబ్ధం మొత్తం ఉంది. ఒక్క మిశ్రమం నిజంగా చేస్తే చాలు, పది మిశ్రమాలు కంఠస్థం చేయడం కన్నా మేలు. మిగిలిన గంటలు బయటికి ఇవ్వండి.

బయట అంటే ఎక్కడ? ఇక్కడే. పేరాల, చీరాల మగ్గాల మీదే మూడు కోర్సులకు సరిపడా కెమిస్ట్రీ ఉంది. ఈ ప్రాంతం తేలియా రుమాళ్లకు పేరుపడింది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి, ఎండబెట్టి, పిసికేవారు. ఎందుకని పిల్లల్ని అడగండి. బూడిదలోని క్షారం నూనెను కొంత విరుస్తుంది, ఆ కొవ్వు ఆమ్లాలు నూలును అంటిపెట్టుకుంటాయి, పటికలోని అల్యూమినియాన్ని పట్టి ఉంచుతాయి, అల్యూమినియం అలిజరిన్‌ను పట్టి ఉంచుతుంది. ఎరుపు వదలదు. సబ్బు తయారీ, సమన్వయ సమ్మేళనాలు, వర్ణద్రవ్యాలు, మూడు వేర్వేరు సెమిస్టర్లలో మనం చెప్పే మూడు పాఠాలు ఒక్క రుమాలులో ఉన్నాయి. ఆ అలిజరిన్ ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. రేపల్లె దిగువన నిజాంపట్నం, అప్పటి పెదపల్లి రేవులో 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు దిగింది ఈ తీరపు రంగు గుడ్డల కోసమే. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాక, మరుసటి ఏడాదే పేటెంట్లు వచ్చాక, వేళ్లు తవ్వేవారి బతుకు మారిపోయింది. ఆంత్రాక్వినోన్ నిర్మాణం గీయించి పది మార్కులు వేసే ప్రశ్నపత్రంలో చిరివేరు పేరు ఎందుకుండదు? చిరివేరు నేలలో చదువుకునే పిల్లకు ఆ పేరు తెలియకుండా డిగ్రీ ఎందుకిస్తాం? ఈనాటి అద్దకంలో వ్యాట్ రంగులు కాస్టిక్, "హైడ్రో"లతో కరుగుతాయి. నీళ్లలో కరగని రంగు క్షయకరణంతో కరిగి, నూలులోకి దూరి, గాలి తగలగానే మళ్లీ కరగని రూపానికి వస్తుంది. నూలు చిలప తొట్టిలో నుంచి బయటికి తీసినప్పుడు కళ్ల ముందే రంగు తిరగడం చూసిన పిల్లకు రెడాక్స్ గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గరకు వెళ్లండి. తెల్లారకముందే రైతు లేచి ఏరియేటర్లు చూసుకుంటాడు, ఎందుకంటే రాత్రంతా నాచు ఆక్సిజన్‌ను తినేస్తుంది. మధ్యాహ్నం అదే నాచు కార్బన్ డై ఆక్సైడ్‌ను లాగేసుకుంటే నీటి పీహెచ్ పెరుగుతుంది. పెరిగితే ఏమవుతుంది? నీళ్లలో ఉన్న అమ్మోనియం అయాన్ కాస్తా విషపు అమ్మోనియాగా మారుతుంది. 25 డిగ్రీల దగ్గర, మంచినీటి లెక్కలో, పీహెచ్ 8 ఉంటే మొత్తంలో ఇరవయ్యో వంతే విష రూపం. 9 అయితే మూడో వంతు దాటుతుంది. చెరువులో వేసిన మేత మారలేదు, కిట్టుతో కొలిచిన మొత్తం అమ్మోనియా మారలేదు, అయినా రొయ్యలు తేలాయి. హెండర్సన్ సమీకరణాన్ని బఫర్ పాఠంలో రాయించి వదిలేసే మనం ఈ ఒక్క లెక్క చేయిస్తే ఆ పిల్ల ఇంటికెళ్లి నాన్నకు పనికొచ్చే మాట చెబుతుంది. కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలవడం పాత టైట్రేషనే. చెరువు గట్టునే నీటిని పట్టి మాంగనీస్ లవణం, క్షార అయొడైడ్ కలిపి ఆక్సిజన్‌ను బంధించాలి, లేకపోతే లాబ్‌కు వచ్చేలోగా అంకె మారిపోతుంది. శాంపిల్ తీసుకోవడం కూడా కెమిస్ట్రీయేనని అక్కడే అర్థమవుతుంది.

చినగంజాం ఉప్పు కొఠార్లలో సముద్రపు నీరు మళ్ల నుంచి మళ్లలోకి నడుస్తూ ఉప్పు కన్నా ముందే జిప్సం దిగబెడుతుంది, బామే హైడ్రోమీటరు 25 దాటాక ఉప్పు కడుతుంది, 29 దాటకముందే మిగిలిన నీటిని వదిలేయాలి, లేకపోతే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కి చెమర్చుతుంది. తెనాలి దగ్గరి దుగ్గిరాల పసుపు యార్డు నుంచి పసుపు తెప్పించి గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వేసి చూపించండి. వచ్చిన గులాబీ రంగు నీళ్లు కలిపితే పోతే సరే, పోకుండా నిలిస్తే మెటానిల్ ఎల్లో కలిసిందని అర్థం. ఇవన్నీ "అప్లైడ్ కెమిస్ట్రీ, మెయిన్ సబ్జెక్టు కాదు" అనే పెద్దలకు ఒక్క పేరు గుర్తుచేస్తాను. 1930లలో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ శాఖను నిలబెట్టిన టి.ఆర్. శేషాద్రి పరిశోధన దేని మీద సాగింది? పత్తిపూల రంగుద్రవ్యాలు, మన చెట్ల బెరళ్లు, ఆకులు. ఆ పనితోనే ఆయన 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

2020-21 సిలబస్‌లో మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. నాకు ఎంతో ఆశ కలిగింది. కెమిస్ట్రీ పిల్లలు సీసాలు పట్టుకుని ఊళ్లోకి వెళ్తారనుకున్నాను. నేను చూసిన నాలుగైదు చోట్ల ప్రశ్నావళి కాగితాలు పట్టుకుని వెళ్లారు, ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా అని రాసుకొచ్చారు. ఆ 180 గంటలు ఎలా ఖర్చయ్యాయో అడగడం మీ తనిఖీలో తప్పక ఉండాలి.

గంటల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. అమెరికన్ కెమికల్ సొసైటీ ఒక బ్యాచిలర్ డిగ్రీని ఆమోదించడానికి, 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం, మొదటి ఏడాది జనరల్ కెమిస్ట్రీ కాక 400 గంటల లాబ్ పని అడిగేది. మన దగ్గర వారానికి రెండు గంటల ప్రాక్టికల్, సెమిస్టరుకు పదిహేను వారాలు, ఆరు సెమిస్టర్లు అనుకుంటే కాగితం మీద 180 గంటలు. అందులో పండగలు, ఇంటర్నల్స్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, ఎన్నికల డ్యూటీ, కరెంటు కోత తీసేయండి. మిగిలిన గంటల్లో హాజరు, సామాను పంచడం, కడగడం. పిల్ల చేతిలో ఒక పరికరం ఉన్న నిమిషాలను స్టాప్‌వాచ్‌తో ఒక్క పూట కూర్చుని లెక్కపెట్టండి. నేను పెట్టాను. రెండు గంటల క్లాసులో పదకొండు నిమిషాలు వచ్చింది. అప్పటి నుంచి క్రెడిట్ల పట్టిక చూస్తే నాకు దిగులుగా ఉంటుంది.

ప్రిన్సిపాలుతో మాట్లాడే ముందు అటెండరుతో మాట్లాడండి. ఏ లెక్చరరు లాబ్‌లో చివరి దాకా ఉంటాడో, ఎవరు తాళాలిచ్చి స్టాఫ్ రూముకు వెళ్తారో ఆయనకు తెలుసు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి మరీ అడగండి.

పిల్లల్ని తెలుగులో అడగండి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం. అంతకుముందు 1968లో పుట్టిన తెలుగు అకాడమి పుస్తకాల్లో ఆమ్లం, క్షారం, అంశమాపనం అని చదువుకున్న తరాలు ఉన్నాయి. ఏ మీడియం మంచిదన్న తగువులోకి నేను దిగను. అడిగే ప్రశ్న మాత్రం ఇది: "నీళ్లలో ఉప్పు వేస్తే ఎందుకు కరుగుతుందో మీ అమ్మకు చెప్పినట్టు చెప్పమ్మా." ఇంగ్లీషులో మూడు పేజీలు గడగడా అప్పజెప్పిన పిల్లలు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఒకసారి ఒక వేటపాలెం అమ్మాయి ఆగి, ఆలోచించి, "అయస్కాంతాల్లాగా నీళ్లు చుట్టూ మూగి లాగేస్తాయి సార్, కానీ పటిక ముక్క కన్నా ఉప్పు తొందరగా ఎందుకు కరుగుతుందో నాకు తెలీదు" అంది. తనకు తెలియనిదేమిటో అంత కచ్చితంగా చెప్పగలిగిన పిల్లను తయారుచేసిన ఆ కాలేజీ కోర్సును ఆ ఒక్క మాటతో పాస్ చేయొచ్చు.

భద్రత గురించి రిపోర్టులో చివరి పేరాలో రాసే అలవాటు ఉంది. నేనైతే మొదటి పేరాలో రాయమంటాను, అగ్నిమాపక సిలిండరు మీద తేదీ చూసి వదిలేయకుండా. "చేతి మీద ఆసిడ్ పడితే ఏం చేస్తావు?" అని అడగండి. సగం మంది వంటసోడా అంటారు. ముందు నీళ్లు, ధారగా, కనీసం పావుగంట. ఆ నీళ్లు లాబ్‌లో ఉన్నాయో లేదో మీరు ముందే తొట్టి దగ్గర చూశారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి పన్నెండు మంది పోయారు. పాలిమరీకరణ మనం ప్రతి ఏడూ చెప్పే పాఠమే: మోనోమర్, మొదలుపెట్టే దశ, పెరిగే దశ, ఆగే దశ. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కితే దానంతట అదే పాలిమరు కావడం మొదలుపెడుతుందని, ఆ చర్య ఇంకా వేడిని పుట్టిస్తుందని, దాన్ని ఆపడానికి నిరోధకం కలిపి చల్లగా ఉంచాలని ఎంతమందికి చెప్పాం? అచ్యుతాపురంలో షిఫ్టు చేసేది మన పిల్లలే. ఈ పాఠం ప్రశ్నపత్రంలో లేని కోర్సును నేను బాగుందని అనలేను.

పాస్ శాతం పట్టిక చూపిస్తారు. దాని కోసం సమయం పెట్టకండి.

అటానమస్ కాలేజీ అయితే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మినిట్స్ అడగండి. పరిశ్రమ నుంచి ఒకరు, పాత విద్యార్థి ఒకరు ఉండాలని యూజీసీ నియమం. సంతకాలు ఉంటాయి. ఆ సంతకం పెట్టినవారు ఏమన్నారో ఒక్క వాక్యం మినిట్స్‌లో వెతకండి. దొరక్కపోతే నేరుగా అద్దకం పెద్దను, ఆక్వా లాబ్ కుర్రాణ్ని, మూడేళ్ల కిందట అక్కడే చదివి ఇప్పుడు పరవాడలో ఉన్న అమ్మాయిని పిలిపించి సిలబస్ చదివించండి. ఇది విడ్డూరంగా అనిపిస్తే ఈ ఊరి సంగతే తలుచుకోండి. 1919లో చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేశారు, మీ మేలుకే అన్నారు. కొత్త పన్నులు కట్టాల్సినవాళ్లకు ఆ మేలు కనపడలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పైనుంచి వచ్చిన ఏర్పాటును తూచే హక్కు దాని కింద బతికేవాళ్లకు ఉందని అంత ఖరీదు పెట్టి చెప్పిన ఊరిది. మన కాలేజీల్లో విద్యార్థి అభిప్రాయం అంటే గూగుల్ ఫారంలో ఐదు చుక్కలు. ఆ పిల్లల్ని ఒక గంట కూర్చోబెట్టి వినండి. ఏ యూనిట్ ఎందుకు దండగో వాళ్లు చెప్పినంత బాగా నేను ఏ కమిటీలోనూ వినలేదు.

మధ్యాహ్నం మూడయ్యేసరికి మీ ఎదుట ఫైళ్లు, ఫోటోలు, కోర్సు ఫలితాలను డిగ్రీ ఫలితాలతో జతచేసే సీఓ-పీఓ మ్యాపింగ్ పట్టికలు పేరుకుంటాయి. పట్టికల్లో 3, 2, 1 అంకెలు ఎవరు ఎలా వేశారని అడగకండి, వేసినవాళ్లను ఇబ్బంది పెట్టినట్టవుతుంది. మీతో తెచ్చుకున్న సీసా బయటకు తీయండి. వచ్చేటప్పుడే దారిలో ఒక బోరింగు దగ్గర రెండు లీటర్ల నీళ్లు పట్టుకోమని చెప్పడం మర్చిపోయాను, ఇప్పుడు చెబుతున్నాను. సముద్రం దగ్గర కాబట్టి మన నీళ్లు వీధి వీధికీ మారతాయి. హాజరు పట్టీలో వేలు పెట్టి ఏ ఐదుగురినైనా పిలవండి, లెక్చరరు ఎంచిన ఐదుగురిని వద్దనండి. ఈడీటీఏతో గట్టిదనం కొలవమనండి. పీహెచ్ 10 బఫరు, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి. తాగునీటి భారత ప్రమాణంలో లీటరుకు 200 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం, వేరే దారి లేకపోతే 600 దాకా. ఆ సంగతి వాళ్లకు ముందు చెప్పకండి.

ఐదు అంకెలు వస్తాయి. ఒకదానికొకటి కలవవు. లెక్చరరు కంగారుగా ముందుకొస్తారు, ఆయనను కూర్చోమనండి. "ఇవి ఎందుకు కలవలేదు? వీటిలో దేన్ని ఊళ్లోవాళ్లకు చెబుదాం?" అని ఐదుగుర్నీ అడిగి, టీ వద్దని, గడియారం చూడకుండా కూర్చోండి. వాళ్లలో వాళ్లు వాదించుకోవడం మొదలుపెడితే కలగజేసుకోకండి. ఆ ఐదు అంకెలు, వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రిపోర్టులో రాయండి. కింద బోరింగు ఎక్కడుందో, తేదీ, టైము వేయండి. వచ్చే ఏడాది వచ్చేవారు అదే నెలలో, అదే బోరింగు దగ్గర ఆగి నీళ్లు పట్టుకోవాలి.